అమ్మ దిగిన స్టేషన్

బస్సు ఆగింది. ఆగితే ఆగనీ అనుకుంది సునంద. బస్సన్నాక ఆగకుండా ఉంటుందా, బర్రెలు అడ్డం వచ్చినా ఆగుతుంది, చెయ్యెత్తిన ప్రతివాళ్ళ కోసం ఆగుతుంది, తొర్రూరు నుంచి రాయపర్తి దాటేదాకా అట్లా ఆగుతూనే వచ్చింది. కానీ ఇప్పుడు ఇంజను కూడా ఆగిపోయింది. ఇంజను ఆగిన బస్సు వేరు. అప్పటిదాకా ఆ మోతలో మునిగి ఉన్న చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా పైకి తేలుతాయి. చంటిపిల్ల ఏడుపు, ఎవరిదో దగ్గు, తన గుండె. ముందు సీట్లలో ఎవరో రాస్తారోకో అన్నారు. "రాస్తారోకో గాదు, వంటావార్పు. రోడ్డు మీదనే పొయ్యిలు వెట్టిండ్రు. అన్నం ఉడకాలె, అందరు తినాలె, గప్పుడు గని బండి కదలదు," అన్నాడు కండక్టరు, టికెట్ల సంచి సర్దుకుంటూ. దూరంగా డప్పు మోగుతోంది. జై తెలంగాణ అని ఒక గొంతు, దాని వెనక ఊరంత గొంతు. మంచిదే, రావాలి తెలంగాణ, ఎవరు వద్దన్నారు, తమ దుకాణం ఎదురుగానే దీక్షా శిబిరం వేశారు, భర్త కైలాసం రోజూ వాళ్ళకు కుండెడు మజ్జిగ పంపిస్తాడు. కానీ గంటసేపా? ఈ ఎండలో, ఈ రేకు డబ్బాలో, కిటికీ పక్కన ఇరుక్కుని గంటసేపు ఎట్లా కూర్చోవడం? కిటికీ సీటు ఎంచుకోవడమే తప్పయింది. గాలి వస్తుందని చూసుకుంది కానీ దిగాలంటే పక్కామెను లేపాలని, ఆమె కాళ్ళ దగ్గరి మూటను దాటాలని, అటు నిలబడ్డవాళ్ళను తోసుకోవాలని చూసుకోలేదు. ఎక్కడికి పోయినా ముందు దారి చూసుకునే తను ఇవాళ ఎట్లా మరిచిపోయింది?

ఇంట్లో థైరాయిడ్ పరీక్ష అని చెప్పి బయల్దేరింది. థైరాయిడ్ పరువున్న జబ్బు. మార్కెట్లో సగం మంది ఆడవాళ్ళకు ఉంది, పెళ్ళి భోజనాల దగ్గర గోలీల పేర్లు కూడా చెప్పుకుంటారు. పోయేది మాత్రం హన్మకొండలో మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి. ఆ బోర్డు కింద నిలబడితే ఎవరు చూస్తారో, చూసి ఎవరికి చెప్తారో. చెప్పేవాళ్ళ దాకా ఎందుకు, మూడు వరసల వెనక వెంకట్రాం బావ కూర్చునే ఉన్నాడు. వడ్ల వ్యాపారంలో కైలాసానికి పోటీ, వరసకు బావ. పొద్దున ఆయన చెవిలో పడ్డ ముచ్చట మధ్యాహ్నానికి మరిపెడ చేరుతుందని అందరూ నవ్వుకుంటారు. బస్సెక్కగానే అడిగాడు, "ఒక్కదానివే ఎటు సునందా?" అని. థైరాయిడ్ పరీక్షకు బావా అంది. నోటికి ఎంత అలవాటైపోయిందో ఆ అబద్ధం.

మొదటిసారి వచ్చింది దుకాణంలోనే. అది బందు రోజు. ఊరేగింపు వస్తోందని కైలాసం షటరు కిందికి దించాడు, లోపల తను, మిరపకాయల బస్తాలు, చీకటి. బయట ఎవరో సరదాకే షటరు మీద అరచేత్తో దరువేసి పోయారు. అంతే. ఆ దరువు పోయింది, దాని మోత మాత్రం ఆమె ఎదలో మిగిలిపోయింది. గుండె గొంతులోకి ఎక్కింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి, గాలి ముక్కు దాకా వస్తోంది కానీ లోపలికి దిగడం లేదు. చచ్చిపోతున్నాను అనుకుంది. అనుకోవడం కాదు, తెలిసిపోయింది. ఉప్పుబస్తా బరువు తెలిసినంత గట్టిగా తెలిసింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు, ఈసీజీ అని గుండె పట్టీ తీశారు, అంతా బాగుందన్నారు. కాసేపటికి నిజంగానే బాగైంది. అది ఇంకా సిగ్గు. చావబోయి లేచొచ్చి వంట చేసిన మనిషిని ఎవరు నమ్ముతారు? తర్వాత గుడి వరసలో వచ్చింది. చుట్టాల పెళ్ళిలో తలంబ్రాల వేళ వచ్చింది. స్నానాల గదిలో గడియ పెట్టుకోగానే వచ్చింది, అప్పటినుంచి గడియ పెట్టడం మానేసింది. గ్యాసన్నారు, రక్తం లేదన్నారు, దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. మళ్ళీ గుండె పట్టీ, మళ్ళీ బాగుంది. చివరికి ఒక లేడీ డాక్టరు కాగితాలు పక్కన పెట్టి తలుపు దగ్గరికి వేసింది. "గుండె మంచిగనే ఉందమ్మా. ఇది ఆందోళన జబ్బు. మీ తప్పు గాదు, మీ పిరికితనం గాదు," అంది. "ఇది మస్తు మందికుంటది. ఒక బస్సు నిండ మనుషులుంటే అందుల ఇద్దరు ముగ్గురికన్న ఉంటది. మొగోళ్ళ కంటె ఆడోళ్ళల్ల దగ్గర దగ్గర రెట్టింపు. చూడరానిది చూసినోళ్ళకు, పెద్ద దెబ్బ తగిలినోళ్ళకు, ఇంట్ల ఇంకెవరికన్న ఉన్నోళ్ళకు ఇంక జల్ది వస్తది. మీ ఇంట్ల ఎవరికన్న ఉందా?" ఎవరికీ లేదంది సునంద. అన్నప్పుడు నిజమే చెప్తున్నాననుకుంది.

అంతమందికి ఉంటే వాళ్ళంతా ఎక్కడున్నట్టు? ఈ బస్సులోనే ఇద్దరు ముగ్గురుండాలి కదా. ఆమె చూపు తలల మీద నుంచి మెల్లగా పోయింది. తువ్వాలతో విసురుకుంటున్న ముసలాయన, చంటిపిల్లకు పాలిస్తున్న కోడలు, సెల్లులో పాట పెట్టుకున్న పడుచువాడు, కునుకు తీస్తున్న పంతులు. ఎవరి ముఖం మీదా ఏమీ రాసిలేదు. తన ముఖం మీద మాత్రం రాసి ఉందా? వెంకట్రాం బావకు కనిపించిందా? లేదు. తనకు దాచడం వచ్చు. దాచడం అమ్మ దగ్గర నేర్చుకుంది. ఈ మాట ఎక్కడినుంచి వచ్చింది? అమ్మ ఏం దాచింది?

సునంద చిన్నప్పుడు జనగామలో అమ్మ గడప దాటేది కాదు. సంతకు నాయినే పోయేవాడు, బియ్యం ఏరుతూ అమ్మ అరుగు మీద ఉండేది. ఎవరింట పెళ్ళయినా అమ్మకు ఆ రోజే తలనొప్పి. అందరూ నవ్వేవారు, నీ పెళ్ళికన్నా వచ్చినవా వదినె అని. ఒక్కసారి పోయింది, కాజీపేటలో పెద్దమ్మ కూతురి పెళ్ళికి, సునందను వెంటబెట్టుకుని ప్యాసింజరు బండిలో. ఆ రోజు సునందకు పసుపుపచ్చ పావడ కొత్తది. బండి కదిలింది, కిటికీలో తాడిచెట్లు వెనక్కి పరుగెత్తాయి, అమ్మ చెయ్యి ఆమె మణికట్టు మీద బిగుస్తూ బిగుస్తూ పోయింది. నొప్పిగా ఉంది అమ్మా అంటే వినిపించుకోలేదు. రఘునాథపల్లిలో బండి ఆగిందో లేదో అమ్మ లేచి, మూట కూడా తీసుకోకుండా, పిల్లను ఈడ్చుకుంటూ దిగిపోయింది. బండి పోయింది, మూట పోయింది, మూటలో పెళ్ళికూతురికి పెట్టాల్సిన చీర పోయింది. ప్లాట్‌ఫారం మీద వేపచెట్టు మొదట్లో అమ్మ చాలాసేపు కూర్చుంది. పైట కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళు మూసుకుని. తర్వాత ఎవరిదో ఎడ్లబండి మీద జనగామ వచ్చారు. నాయిన అరుస్తుంటే అమ్మ చెప్పింది: "పిల్లకు వాంతులైనయి, ఏం జెయ్యాలె?" సునంద నోరు తెరవబోయింది. అమ్మ చూసిన చూపుకు మూసుకుంది. అప్పటినుంచి ఇంట్లో అందరికీ అదే మాట, సునందకు రైలు పడదు. చెప్పగా చెప్పగా ఆమెకు కూడా నిజమైపోయింది. పెళ్ళయ్యాక కూడా రైలంటే నాకు పడదండీ అని కైలాసంతో అంది, తిరుపతికి బస్సులోనే పోయారు. వాంతి తనకు కాలేదు. ఇన్నేళ్ళకు, ఆగిన బస్సులో, రాయపర్తి దాటాక, ఆమెకు తెలిసింది. ఆ రోజు తనకు ఏమీ కాలేదు. కిటికీలో తాడిచెట్లు చూస్తూ సంతోషంగా ఉంది. అయింది అమ్మకు. అమ్మకు గాలి సోకిందన్నారు, వేపమండలతో కొట్టించారు, చివరికి పిరికిదని వదిలేశారు. తలుపు దగ్గరికి వేసి, నీ తప్పు కాదమ్మా అని ఒక్కరైనా అన్నారా? తనకున్నదాని పేరు కూడా తెలియకుండానే అమ్మ పోయింది.

మరి శ్రీవాణి? అసలు ఈ ప్రయాణం శ్రీవాణి వల్లే. తన కోసమైతే తాయెత్తుతోనే గడిపేసేది. పదో తరగతి చదివే కూతురు, పోయిన వారం బడికి పోయే వేళ సైకిలు పట్టుకుని వాకిట్లో నిలబడిపోయింది. ఏమైందే అంటే కడుపులో తిప్పుతుంది అంది. సరే. కానీ పిల్ల చెయ్యి కడుపు మీద లేదు, ఎద మీద ఉంది. వేళ్ళు విప్పి, అరచెయ్యి ఆనించి, లోపల దేన్నో పోనీయకుండా అదిమి పట్టినట్టు. ఆ చెయ్యి సునందకు తెలుసు. అది తన చెయ్యే. "పరీక్షల భయం, ఏం గాదు పో" అంది. పిల్ల వింతగా చూసి, "పరీక్షలు ఇప్పుడేం లేవు గద అమ్మా," అని సైకిలెక్కింది. పిల్లకు వాంతులైనయి అన్న అమ్మకూ, పరీక్షల భయం అన్న తనకూ ఏం తేడా?

డప్పు దగ్గరైంది. పొయ్యిల పొగ కిటికీలోంచి లోపలికి వచ్చింది, వద్దు, పొగ వద్దు. డప్పు దరువుకు గుండె దరువు కలుస్తోంది, కలిసి ముందుకు పోతోంది. వేళ్ళ చివర తిమ్మిరి మొదలైంది. వస్తోంది. దిగాలి. పక్కామెను లేపాలి, మూట దాటాలి, వెంకట్రాం బావ చూస్తాడు, చూడనీ, లేదు, చూడొద్దు. డాక్టరమ్మ ఏం చెప్పింది, పీల్చడం కాదు, వదలడం చూసుకో, మెల్లగా వదులు. వదులుతోంది. ఆ పక్కామె బస్సెక్కినప్పటినుంచి అదేపనిగా ఫోను నొక్కుతోంది, నొక్కిన ప్రతిసారీ స్విచ్ ఆఫ్ అని ఒక ఆడగొంతు చెప్తోంది. ఎవరికి చేస్తోందో. లంబాడామె, చీరే కట్టింది కానీ దండ చేతికి తండా ఆడవాళ్ళ తెల్లగాజులు. ఆ గాజులు గలగలలాడుతున్నాయి. బస్సు కదలకుండానే ఎందుకు గలగలలాడుతున్నాయి?

సునంద తల తిప్పి చూసింది. ఆమె వణుకుతోంది. ఫోను ఒళ్ళో పడిపోయింది. నోరు తెరిచి గాలి కోసం ఎగబడుతోంది, చెంపల మీద చెమట ధార కడుతోంది, కుడిచెయ్యి ఎద మీద, వేళ్ళు విప్పి. "యాడీ," అంది తనలో తాను, తల్లిని పిలుస్తూ, తర్వాత సునంద వైపు తిరిగి, "నేను సస్తున్న," అంది. "నాకు ఊపిరాడుతలేదు, నేను సస్తున్న."

బస్సంతా లేచింది. ఫిట్స్ ఫిట్స్ అని ఎవరో అరిచారు, తాళంచెవులు చేతిల పెట్టుండ్రి అని ఇంకెవరో, ఉల్లిగడ్డ వాసన జూపియ్యుండ్రి అని ముసలాయన. గుండెపోటు, గుండెపోటే, మా బామ్మర్ది గిట్లనే పోయిండు అన్నాడు పంతులు. ఆ మాటతో ఆమె కళ్ళు తేలేసింది. తలలు మీదికి వంగాయి, ఉన్న కాస్త గాలి కూడా పోయింది. సునంద ఆ మధ్యలో చిక్కుకుని చూస్తోంది. ఎన్నోసార్లు లోపలినుంచి తెలిసినదాన్ని మొదటిసారి బయటినుంచి చూస్తోంది. అయ్యో, ఇట్లా ఉంటుందా? ఇంత చిన్నగా, ఇంత దిక్కులేకుండా అయిపోతుందా మనిషి? తనను చూసి కైలాసం ఎందుకు ముఖం తిప్పుకున్నాడో, ఆ ముఖంలో ఉన్నది చిరాకు కాదు భయమేమో, ఇప్పుడు కదా తెలుస్తోంది. చెప్పాలి. ఏమని చెప్పాలి? ఒకవేళ నిజంగా గుండెపోటైతే? తను డాక్టరు కాదు. కానీ ఆ చెయ్యి, ఆ వేళ్ళు, ఆ చావు మాట, అవి తనకు తెలిసినట్టు ఇక్కడ ఇంకెవరికీ తెలియవు. మూడు వరసల వెనక వెంకట్రాం బావ లేచి నిలబడి, మెడ చాచి చూస్తున్నాడు. శ్రీవాణికి రేపు సంబంధాలు చూడాలి. తల్లికి మనసు జబ్బట అంటారు. అననీ.

"జరుగుండ్రి," అంది. ఎవరూ వినలేదు. మళ్ళీ అంది, ఈసారి అరుపయింది. "జర జరుగుండ్రి! గాలి రానియ్యుండ్రి ఆమెకు. నాకెరుకే గిది. నాకు గూడ గిట్లనే వస్తది."

సునంద ఆ పక్కామె రెండు చేతులూ పట్టుకుంది. చల్లగా, తడిగా ఉన్నాయి, తన చేతుల్లాగే. "అక్కా, నా దిక్కు చూడు. నీ పేరేంది?" తుల్సీబాయి. "తుల్సక్కా, నువ్వు సస్తలేవు. సస్తున్ననని నాకు గూడ ఎన్నోసార్లు అనిపిచ్చింది, ఇగో, ఉన్న. నీకు రెట్టల, దవడల గుంజుతుందా?" లేదని తల ఊపింది. "ఇంతకుముందు వచ్చిందా గిట్ల?" వచ్చిందని ఊపింది. "అయితె నాతోని ఊపిరి వదులు. పీల్చకు, వదులు. వేడి చాయ ఊదినట్టు, మెల్లగ." ఇద్దరూ ఊదారు. తుల్సీబాయి ఊపిరి తెగుతోంది, సునంద ఊపిరీ తెగుతోంది, ఎవరు ఎవరికి చెప్తున్నారో తెలియకుండా ఊదారు. సునందకు వచ్చింది పోలేదు. పక్కనే ఉంది, గుండె ఇంకా ఉరుకుతూనే ఉంది, కానీ ఇప్పుడు దానికంటే ముందు చూడాల్సిన పని ఒకటి ఉంది. కండక్టరు జనాన్ని వెనక్కి జరిపి, కిందికి దిగి, చెంబుతో నీళ్ళు తెచ్చాడు. ఇస్తూ వంగి, "మా ఇంటామెకు గూడ గిట్లనే అయితది. నాటకమనుకున్న నేను," అన్నాడు, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా.

నీళ్ళు తాగాక తుల్సీబాయి మాట్లాడింది. మరిపెడ దగ్గరి తండా. భర్త సక్రుకు భూపాలపల్లి బొగ్గుబాయిలో పని, నెలకోసారి వస్తాడు. బాయి కూలిందని ఎప్పుడు ఫోనొస్తుందోనని ఎప్పుడూ ఒక గుబులు. కొడుకు దినేశ్ వరంగల్లో చదువుతున్నాడు, ఉద్యమంలో తిరుగుతున్నాడు. పక్క తండా పిల్లవాడు, దినేశ్‌తో కలిసి బడికి పోయినవాడు, తెలంగాణ కోసమని మొన్న ప్రాణం తీసుకున్నాడు. "నేనే పోయి చూసిన అక్కా ఆ పిల్లగాన్ని. వాళ్ళ యాడీని పట్టుకొని నేనే కూసున్న. గప్పటి సంది కన్ను మూస్తె ఆ మొకం మీద నా దినేశ్ మొకం కనబడ్తది. దినాం ఫోన్ జేస్త, ఏం జేస్తున్నవ్ బేటా, ఒక్కనివే ఉన్నవా అని. నిన్న మాపటి సంది ఫోన్ కలుస్తలేదు." మాట పూర్తికాకుండానే మళ్ళీ ఫోను నొక్కింది.

సునంద లేచింది. మూట దాటింది, నిలబడ్డవాళ్ళను దాటింది, దిగింది. ఇందాక తన కోసం దిగలేకపోయిన బస్సులోంచి ఎట్లా దిగిందో ఆమెకే తెలియదు. రోడ్డు మీద రాళ్ళ పొయ్యిల మధ్య ఎర్రబడ్డ కళ్ళతో కిచిడీ కలుపుతున్నవాళ్ళ దగ్గరికి పోయి దినేశ్ పేరు చెప్పి అడిగింది, వరంగల్లో చదువుకునే పిల్లలు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని. గంటె పట్టుకున్న ఒకాయన వేరే ఎవరినో పిలిచాడు, అతను ఇంకెవరికో ఫోను చేశాడు, ఆ ఇంకెవరో హాస్టలు గదులకు పరుగెత్తాడు. సునంద ఎండలో నిలబడి ఉంది. ఇప్పుడు చెడు వార్త వస్తే? వస్తే ఆ బస్సులోకి ఏ ముఖంతో ఎక్కాలి? తన గుండె చప్పుడే, కానీ ఇప్పుడది తన కోసం కాదు, మరొకరి కొడుకు కోసం కొట్టుకుంటోంది. చివరికి ఫోను చేసినతను దాన్ని చెవి దగ్గరినుంచి తీసి నవ్వాడు. "ఉన్నడక్కా. చార్జింగు అయిపోయిందంట. ఆడ గూడ వంటావార్పే, కూరగాయలు కోస్తున్నడంట." దినేశ్ లైన్లో ఉండగానే ఆ ఫోను చేతికిచ్చాడు, సునంద దాన్ని బస్సులోకి పట్టుకొచ్చింది. తుల్సీబాయి దాన్ని చెవికి ఆనించుకుని తన భాషలో ఏదో అడిగింది, అటునుంచి ఏదో వినిపించింది, మళ్ళీ అదే అడిగింది. కొడుకు గొంతు ఇంకోసారి వినడానికే అడుగుతోందని బస్సులో అందరికీ అర్థమైంది. తర్వాత ఆమె పెద్దగా తిట్టింది. ఏమని తిట్టిందో తెలియకపోయినా చంటిపిల్ల తల్లి నవ్వింది.

"గుండె ఒకసారి చూపియ్యాలె అక్కా, తప్పదు. ముందు పెద్ద దవాఖానల గుండె పరీక్ష," అంది సునంద. "అది మంచిగుందంటె ఇంకో డాక్టరున్నడు. నేను ఆడికే పోతున్న. భయం జబ్బుకు మందులున్నయంట, మాటలతోని గూడ తగ్గిస్తరంట. నేను గూడ ఇంక చూడలె, ఇయ్యాలనే మొదలు." తుల్సీబాయి ఆమె వైపు చూసింది. "సావుకారమ్మవు, నీకెందుకు భయం? నీకేం తక్కువ?" వెక్కిరింపు లేదు ఆ ప్రశ్నలో. "మా అమ్మకు గూడ ఉండె," అంది సునంద.

విస్తరాకుల్లో కిచిడీ బస్సులోకి వచ్చింది. వెంకట్రాం బావ ఒకటి తీసుకుని ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎటో చూస్తూ, గొంతు తగ్గించి, "ఎవ్వరికి చెప్పన్లే సునందా. నువ్వు పరేషాన్ గాకు," అన్నాడు. మంచిమనసుతోనే అన్నాడు. ఆ మంచితనమే ముల్లులా తగిలింది. ఎన్ని ఇళ్ళల్లో ఎందరు ఆడవాళ్ళ మీద ఇట్లా మంచిమనసుతో తలుపులు మూసి ఉంటారు?

"చెప్పు బావా," అంది. "చెప్పినా ఏం గాదు. తొర్రూరుల ఇంకెవరికన్న ఉంటె, వాళ్ళకు గూడ ఎరుకైతది."

ఆయన విస్తరాకు పట్టుకుని పోయి తన సీట్లో కూర్చున్నాడు. రేపు ఈ మాట ఎట్లా మారి ఇంటికి చేరుతుందో, కైలాసం ఏమంటాడో, అత్తమ్మ ఏమంటుందో. భయమే. ఇది మామూలు భయం, కారణమున్న భయం. దీన్ని మోయవచ్చు. కానీ అది చేరేలోపు చేరాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఇవాళ బడులకు బందు పిలుపుంది కాబట్టి పిల్ల ఇంట్లోనే ఉంటుంది. సంచిలోంచి ఫోను తీసింది. ఇంటికి కలిపింది.

"ఏం జేస్తున్నవే శ్రీవాణీ?"

"ఏం లేదమ్మా. థైరాయిడ్ చేసిండ్రా?"

"థైరాయిడ్ గాదు. అబద్ధం చెప్పిన. నాకు ఒక్కోసారి గుండె దడదడమని ఊపిరాడదు బిడ్డా, సచ్చిపోతననిపిస్తది. దానికి డాక్టరు దగ్గరికి పోతున్న." కిటికీ వైపు తిరిగింది. "మొన్న సైకిలు కాడ నువ్వు నిలబడ్డవు గద. పరీక్షల భయమన్న నేను. అది తప్పు. నీకు కడుపుల గాదు అయ్యింది, నేను చూసిన."

ఫోను కట్టయిందేమోనని చూసుకుంది, కాలేదు. తర్వాత శ్రీవాణి గొంతు, చిన్నపిల్లప్పటి గొంతు, వచ్చింది. "నీకు గూడనా అమ్మా? నాకొక్కదానికే అనుకున్న."

డ్రైవరు ఎక్కాడు. ఇంజను మోత లేచింది, కిటికీ అద్దాలు గడగడలాడాయి, రోడ్డు మీది జనం జై తెలంగాణ అంటూ పక్కకు జరిగి దారి ఇచ్చారు.

"చెప్పు బిడ్డా," అంది సునంద. "నీకెట్లయితది, మొదటిసంది చెప్పు." పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. ఆమె రెండో చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుని వినసాగింది.